నా అన్నవాళ్ళు

రాజోలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ గుమస్తాని.
కేసు షీటు మీద అచ్చయిన మాట "సమీప బంధువు".
మా వార్డులో ఆ మాట ఎవరి నోటా పలకదు.
అందుకే పందొమ్మిదేళ్ళుగా ఇలా అడుగుతున్నాను:
"నీకు నా అన్నవాళ్ళెవరైనా ఉన్నారా?"

వీర్రాఘవులు, కొబ్బరి దింపులవాడు,
నానిన మాను మీంచి జారి తుంటి విరిగినవాడు,
పంటి బిగువున నవ్వాడు:
"నా అన్నా? పోయాడండి.
పోకముందే, మూడు చెట్ల పంపకం కాడ పోయాడు."

కాంపౌండరు పడీపడీ నవ్వాడు.
నేను గడి ఖాళీగా వదిలి
పెన్నుకి మూత పెట్టాను.

చిత్రమైన మాట.
ఇంతకీ "నా" అన్నది ఎవరు?
నేను వాళ్ళనన్నానా, వాళ్ళు నన్నన్నారా?
వ్యాకరణం తేల్చదు.
ఇద్దరిలో ఒకరంటే చాలనేమో.
ఒకరే అంటూ, రెండోవారు వినకపోతే
దాన్నేమనాలో కూడా చెప్పదు.

తెల్లారగట్ల, ఎర్రనీళ్ళ మీద మొదటి పడవకి
లంకలోంచి ఒకామె వచ్చింది.
కందికట్ల మార్తమ్మ. కుచ్చిళ్ళ నిండా ఒండ్రు,
చేతిలో స్టీలు క్యారేజీ, చంకలో దుప్పటి.

"ఏమవుతాడమ్మా నీకు?"
"ఏమీ అవడండి."
"మరి?"
కాసేపు ఆలోచించింది, బేరంలో ఆఖరి ధర చెప్పేదానిలా.
"ఆయన దింపు కత్తి మా చూరులో ఉంటదండి.
పొద్దున్నే తీసుకుపోతాడు, చీకటిపడ్డాక పెట్టేసి పోతాడు.
నిన్న రాత్రి కత్తి రాలేదు."

మన భాషలో చుట్టం ఊరికే ఉండడు, అవుతాడు.
మేనమామ అవుతాడు, పెత్తల్లి అవుతుంది,
ముఖం ఎరగనివాడు కూడా వరసకి బావ అవుతాడు.
కత్తికి చూరు ఏమవుతుందో
నా రిజిస్టర్లో లేదు.

"సంబంధం" దగ్గర ఏమీ రాయలేదు.
వేలిముద్ర వేయించాను. గడి చిన్నది,
సిరా గీత దాటి ఫోన్ నంబరు మీదకి పాకింది.

నా సర్వీసు పుస్తకంలో నామినీ పేరు
రెండుసార్లు కొట్టేసి ఉంది.
మూడోది ఇంకా రాయలేదు.

డ్యూటీ దిగే వేళకి ఎక్స్‌రే గదిలోంచి కేక:
"వీర్రాఘవులు తాలూకు ఎవరండీ?"
క్యారేజీ క్లిప్పు బిగించి మార్తమ్మ లేచింది.
ఎందుకో నేనూ కుర్చీలోంచి సగం లేచి,
మళ్ళీ కూర్చున్నాను.