ముప్ఫయ్యో రోజు గడి

హంబర్ వంతెన మీద ఆ సాయంత్రం గాలి.
ఎత్తయిన లారీల్ని ఆపేశారు, అంబులెన్సుని వదిలారు.
లోపల విల్ఫ్ ఎల్విడ్జ్, డెబ్భై ఎనిమిదేళ్ళు,
స్కన్‌థార్ప్ ఉక్కు కొలిమి దగ్గర ఒళ్ళు కాగిన మనిషి,
పొట్టలో పెద్ద ధమని పగిలి.

పగిలింది వెనకవైపు. అదొక్కటే అదృష్టం.
వీపు కండల్లోకి కారి, గడ్డకట్టి,
నెత్తురే నెత్తురుకి గట్టు కట్టింది.
ముందుకి పగిలినవాళ్ళు మా దాకా రారు.
మా లెక్కలోకీ రారు.

ఫోన్లో అన్నాను: సెలైన్ పొయ్యకండి.
బీపీ డెబ్భై ఉందా? ఉండనీ.
పేరు అడిగితే చెప్తున్నాడా? చాలు.
నిండు ప్రాణం నిలవాలంటే
కాస్త వెలితిగానే ఉంచాలి.
ఈ మాట నేర్చుకోడానికి నాకు పదేళ్ళు పట్టింది,
ఇద్దరు మనుషులు పట్టారు.

మత్తు ముందివ్వం.
పొట్ట కడిగి, గుడ్డలు పరిచి,
సర్జన్ కత్తి అందుకున్నాకే మందు.
నిద్రలో కండ వదులైతే గట్టు తెగుతుంది.
అందుకని ఆయన అన్నీ మెలకువగానే చూశాడు,
నా టోపీ మీది పువ్వుల్ని కూడా.
"ఏడు మూడు సున్నా వచ్చిందా?" అన్నాడు.
రక్తం సంచీ నంబరేమో అనుకున్నాను.

పావురం.
ఫ్రాన్సు నుంచి పందెంలో ఎగిరింది.
దానికోసం ఆకాశంలోకి చూస్తూ చూస్తూ కూలబడ్డాడట.
"నడుం నొప్పికి మనిషింత పాలిపోడు" అని
పక్కింటి డొరీన్ అప్పటికప్పుడే ఫోన్ చేసిందట.

నా ఫారంలో వయసుకి గడి ఉంది,
హిమోగ్లోబిన్‌కి, క్రియాటినిన్‌కి,
స్పృహ తప్పాడా, ఈసీజీలో గుండె ఏమంది.
డొరీన్‌కి గడి లేదు.
గాలికీ లేదు.

తర్వాతంతా మూత్రం లెక్క.
నాలుగో రాత్రి మూడున్నరకి
గంటలో ముప్ఫై మిల్లీలీటర్లు.
నర్సు తెంజివే ఆ సంచీని
తీర్థంలా ఎత్తి చూపించింది.

పన్నెండో రోజు టీ అడిగాడు, మూడు చెంచాల చక్కెరతో.
ఇరవయ్యో రోజు న్యుమోనియా.
ముప్ఫయ్యో రోజు ఫారం అడిగింది: ఉన్నాడా?
ఉన్నాడు, అని నొక్కాను.

ముప్ఫై ఒకటో రోజు తెల్లారకముందే పోయాడు.
ఏ గడీ మళ్ళీ అడగలేదు.
నివేదికలో ఇంకా బతికినవాళ్ళ వరసలోనే ఉన్నాడు.

ఏడు మూడు సున్నా వచ్చిందో లేదో
డొరీన్‌ని అడిగితే తెలిసేది.
అడగలేదు.
వంతెన మీద ట్రాఫిక్ ఆగినప్పుడు
కమ్మీ మీద ఒంటరిగా వాలిన పావురం కనిపిస్తే
దాని కాళ్ళ వంక చూస్తాను.