పదిహేడో కుండీ

హెబ్బాళ దాటాక, రేకుల షెడ్డు కింద
అరవై కుండీల రాగి.
నీళ్ళు ఆపేసి, రోజూ ఆరింటికి
ఒక్కోదాన్నీ కాటా మీదికెత్తి
ఎంత తడి పోయిందో గ్రాముల్లో రాసుకుంటాను.
ఆకులు గొట్టాల్లా చుట్టుకుంటాయి.
కంటికానని నోళ్ళు మూసుకుంటాయి.
మా పట్టికలో దాని పేరు ఒత్తిడి.

పదిహేడోది మాత్రం వాడలేదు.
పన్నెండో రోజూ, పద్నాలుగో రోజూ
బరువు తగ్గనే లేదు.
నీళ్ళు దాచుకోవడం తెలిసిన మొక్క!
ఆ రాత్రి నిద్రపోలేదు నేను.
రెండు నెలల్లో అయిపోయే ఫెలోషిప్పుకి
ఇంకో ఏడాది మొలిచిందనుకున్నాను.

మర్నాడు ఐదింటికే వెళ్తే
మునెల్లప్ప, తన సీసా అడుగున మిగిలిన నీళ్ళు
దాని మొదట్లో పోస్తున్నాడు.
"ఏం సేసేది మేడమ్,
దోవలో ఉండాదే, పోతా వస్తా ఉంటే
నన్నే సూస్తాది."

మూడు రోజులుగా ట్యాంకరు రాని వీధి ఆయనది.

తిడదామని నోరు తెరిచాను.
తెరిచిన నోట్లోంచే నీరు పోతుందన్నది
నా థీసిస్‌లో మొదటి వాక్యం.
మూసుకున్నాను.

నోట్‌బుక్‌లో పదిహేడు కొట్టేశాను.
కారణం అన్న గడి ఇంకా ఖాళీ.

పద్దెనిమిదోది
దోవకి కాస్త లోపలగా ఉంది.