కొండ గుర్తు

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఉల్లిపాయల గోనెలకీ టైలర్ మిషనుకీ మధ్య
నాలుగడుగుల కొట్టు నాది.
పగిలిన అద్దాలు మారుస్తాను.
ఉప్పుగాలి తినేసిన చార్జింగ్ పిన్నులు గీకి శుభ్రం చేస్తాను.
పనైపోయాక ఫోను వెలుగుతుంది కదా,
ఆ ఒక్క క్షణం
గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తాను.
చూపు తిప్పుకున్నందుకు డబ్బులు తీసుకోను.
నా అసలు పని మాత్రం అదే.

ఈమధ్య టీవీలో కోటాయన ఒకడు
రోజూ రాత్రి అదే మాట:
మెసేజీలకి తాళాలెందుకు,
తప్పు చెయ్యనోడికి భయమెందుకు,
మారు తాళంచెవి ఒకటి సర్కారు దగ్గరుంటే మీకొచ్చిన నష్టమేంటి.
టైలర్ గవరయ్య కత్తెర ఆపి
"నిజమే కదేటి" అన్నాడు.
అంతలో ఇంటినుంచి ఫోనొస్తే
సందు చివరిదాకా నడిచెళ్ళి మాట్లాడొచ్చాడు.

పెద్దజాలారిపేట ఎల్లాజీ
తడిసిన ఫోను బియ్యంలో పూడ్చి తెచ్చాడు.
తాళాల సంగతి ఎత్తితే నవ్వాడు.
వంజరం దొరికే చోటు వాళ్ళయ్య ఒక్కసారే చూపించాడట,
ఒక కొండ కొమ్మూ ఒక గోపురమూ
ఒకే వరసలోకొచ్చే చోటు.
"బావమరిదిక్కూడా సెప్నేదు బావూ.
సెట్లో పక్క బోటోడు వింటాడని
అత్తోరింటికెల్తన్నాం అంటాం.
అదీ నేరమేటి?"
ఏ కొండ, ఏ గోపురం అని
నేనూ అడగలేదు.

ఈ ఊరికి దాపరికం కొత్తా?
నేవీ గోడ పొడుగూతా అదే బోర్డు: ఫోటోలు తీయరాదు.
నీళ్ళ కింద ఊపిరి బిగబట్టి తిరుగుతుంటాయి జలాంతర్గాములు.
మొన్న నేవీ డే నాడు వాటిని తలుచుకుని
చూడకుండానే ఛాతీ పొంగింది నాకు.
బీచి రోడ్డులో ముసలిదాన్నొకదాన్ని ఒడ్డుకి లాగి
టికెట్టు పెట్టి పొట్టంతా చూపిస్తారు.
పడుకునే బల్లలు, వంటగది, అన్నీ.
ప్రాణమున్నన్నాళ్ళూ చూపించలేదు.

అంతా ఇంత తేలికైతే బాగుణ్ణు.

సెప్టెంబరులో కంచరపాలెం నుంచి ఒకామె వచ్చింది,
కూతురి ఫోను చేతిరుమాల్లో చుట్టి.
పిల్ల పదో తరగతి.
ఎవడో ఆ తాళం వెనక కూర్చుని
మూణ్ణెల్లు బెదిరించాడు,
పంపినవి పంపినట్టే చెరిపేశాడు.
"తాళం ఎవరిదైతే నాకేటి బాబూ,
ఆడి మొకం సూపించే మిషను నేదా నీకాడ?"
లేదన్నాను.
స్క్రూడ్రైవరు చేతిలోనే ఉండిపోయింది.
ఎల్లాజీ మాట ఆమెకి చెప్పలేను.
ఆమె మాట చెప్తే
ఎల్లాజీ నవ్వలేడు.

నిన్న రాత్రి షట్టరు సగం దించాక
హెడ్డు సన్యాసినాయుడు వంగి లోపలికొచ్చాడు, మఫ్టీలో.
ఫోను ఇచ్చాడు గానీ
వేళ్ళు ఇంకా వదల్లేదు.
"అద్దమొక్కటే మార్చు. లోపలికెళ్ళకు."
ఆ కంచరపాలెం పిల్ల కేసేమైంది సార్, అన్నాను.
"నంబరుంది. ఎవరిదో కూడా తెలుసు.
వెళ్ళడానికి మనుషుల్లేరు, ఎప్పుడూ ఏదో బందోబస్తు."
ఇదీ ఆ తల్లికి జవాబు కాదు.

జిగురు వేడెక్కేలోపు
ఫ్యాను చప్పుడు కింద తనే అన్నాడు:
"మా ఆవిడ రిపోర్టులున్నాయి అందులో, కేజీహెచ్‌వి.
పిల్లలకింకా తెలీదు."
నేనడగలేదు.
ఆయన చెప్పాడు.
ఈ రెంటి మధ్య ఉన్న వెంట్రుకంత సందులోనే
మనిషి తల దాచుకుంటాడని
కోటాయనకి ఎవరు చెప్తారో.

కొత్త అద్దం వెలిగింది.
అలవాటుగా క్యాలెండర్ వైపు తిరిగాను.
ఇన్నాళ్ళూ దాన్నే చూస్తున్నానా,
కాగితం తిప్పడమే మరిచిపోయాను.
అక్కడింకా సెప్టెంబరే.