మూడు యూరోల తేడా

కాగితమ్మీద పద్దెనిమిది యూరోలు.
తెరమీద పదిహేను.
"అంటే మిగతా మూడేనా
కాగితం, సిరా, జిగురు,
కొండలు దిగొచ్చిన లారీ,
నీ కొట్టు అద్దె, నువ్వూ?"
అడిగింది నీవెస్.

ట్రియెస్టే రేవు వెనక సందులో
ఇరవయ్యేళ్ళుగా పుస్తకాలమ్ముతున్నాను.
నా ఖరీదు ఇంత కచ్చితంగా
ఇప్పటిదాకా ఎవరూ కట్టలేదు.

బయట బోరా గాలి
తలుపును తన్నిపోతోంది.
నేను బేరానికి దిగాను:
చదివేశాక తెచ్చి నాకే అమ్మొచ్చు, నాలుగిస్తాను.
చెల్లెలికివ్వొచ్చు.
కుంటి బల్ల కాలి కింద పెట్టొచ్చు.
మరి దాన్ని?
కొన్నానంటావు గానీ
అద్దెకున్నట్టే, ఇల్లుగలాయన ఎప్పుడు పొమ్మంటే అప్పుడు.

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది.
తుడిస్తే పోయే మసక కాదది.
"పెద్దక్షరాల ప్రతి ఎంత?"
ముప్పై నాలుగు. అదీ తెప్పించాలి, మూడు వారాలు.
"ఇందులో రెండు వేళ్ళతో లాగితే
అక్షరం ఆలివ్ కాయంతవుతుంది.
ఊరికే."

ఏళ్ళుగా నేను రాస్తున్న చిట్టాలో
ఆ పద్దుకి గడి లేదు.

గాలి తగ్గేదాకా ఉంటానంది.
నా కుర్చీలోనే కూర్చుని,
నా కొట్టు వైఫై మీదే
పదిహేనూ కట్టేసింది.
మొహమాటానికి కాబోలు,
మొదటి పేజీ పైకి చదివి వినిపించింది.

మూడో వరుసలో నాలుక తడబడింది.
అచ్చుతప్పు.

నా ప్రతి తెరిచి చూశాను.
ఇందులోనూ ఉంది,
అదే వరుసలో,
తగ్గింపేమీ లేకుండా.