నీళ్లు తాగే జాగ

మూడోసారి చదువుతున్న.
అట్ట లేదు, మొదటి పదకొండు పేజీలు లేవు.
సొహార్ పోర్టుల, ఉల్లిగడ్డల కోల్డ్ స్టోరేజీ గేటు కాడ
కేబిన్ సొరుగుల దొరికింది ఈ లావు ఇంగ్లీషు నవల.
నాకంటె ముందు కాపలా ఉన్న సింహళపాయన
అంచుల పొంటి పెన్సిల్‌తోని ప్రశ్నార్థకాలు పెట్టి పోయిండు.
నూట నలభై దాకా లెక్కవెట్టి ఇడిసిపెట్టిన.

మొదటిసారి డిక్షనరీకి దండం పెట్టుకుంట చదివిన.
ఇద్దరు చంద్రులున్న దేశం. మనుషుల పేర్లు
నోట్లె గులకరాళ్లోలె తిరిగినయి.
రెండోసారి దారులు గుర్తువట్టిన,
ఏ దర్వాజ ఏ కోటలకు తెరుసుకుంటదో.
మూడోసారికి గాని తెల్వలే,
కథ చెప్పెటోడు ఒక ముచ్చట దాస్తున్నడని,
చచ్చిపోయిన తమ్ముని పేరు
ఎనిమిది వందల పేజీలల్ల
ఒక్కపారి గూడ పలుకడని.

లారీలు రాని రాత్రి
మా లస్మత్తకు ఫోన్ జేసిన.
శారదకథల ఇంటి కోడలు, డక్కి వాయించేది.
"అత్తా, ఉప్పుల ఎల్లవ్వ
అన్న గొంతు ఇడిపించుకరానీకి సముద్రం దాటి
రాకాసి ఇంట్ల ఊడిగానికి కుదురుతది గదా,
ఆడ ఏడేండ్లు ఏం జేసింది?"

"ఏం జేసుడేందిరా!
ఏడేండ్లు గడిసె ఎల్లవ్వకూ అంటం,
డక్కి మీద ఒక్క దరువు.
మీ మామ గప్పుడు చెంబెడు నీళ్లు తాగుతుండె.
గొంతు ఆరిపోతది గదా."

ఆ నీళ్లు తాగే జాగల కూసోని రాస్తున్న,
వంద బైసల నోటుబుక్కుల.
పాటల రాకాసికి వెయ్యి చేతులు,
నా రాతల సంతకం జేసే చెయ్యి ఒక్కటే.
అది ఎల్లవ్వ నీడను చీర మడిసినట్టు మడిసి
బీరువల పెట్టి తాళం ఏసుకున్నది.
మొదటి ఏడు ఎల్లవ్వ భాష నేర్సింది:
తే, ఆగు, రేపు.
రెండో ఏడు ఒక పండుగ మరిసిపోయి
మూడొద్దులకు యాదికొచ్చి ఒక్కతే నవ్వింది.
మూడో ఏట కలం ఆగింది.
నాకు గూడ ఇది మూడో ఏడే.

ఫోర్క్‌లిఫ్ట్ నడిపే షఫీకుల్‌కు చదివి చెప్పిన,
హిందీల, సగం చేతులతోని.
వాళ్ల నదుల దిక్కు గూడ ఇసొంటి పాటున్నదట,
అండ్ల అన్న పోతడట, చెల్లె ఉంటదట.
"మరి నడుమ?" అన్న.
"నడుమ పడవోడు ఒక రాగం తీస్తడు,
ఏండ్లు అయిపోతయి" అని
బీడీ కోసం జేబులు ఎతుక్కున్నడు.

తెల్లారి అత్త వాయిస్ మెసేజ్.
"నడిమిట్ల ఇడువకురా, కథ ఉసురు తాకుతది.
ఎల్లవ్వను ఒడ్డుకన్న ఎక్కియ్యి."
ఎనుక డక్కి మీద ఒక్క దరువు.
ఆ తర్వాత నలభై సెకండ్లు ఏం లేదు,
మెసేజ్ మాత్రం నడుస్తనే ఉన్నది.

మల్ల పెట్టిన.
మల్ల పెట్టిన.
మూడోసారికి, శాన దూరంల,
చెంబు కింద పెట్టిన సప్పుడు.