పల్లీ అర్ర

మొదటి వారం గొళ్ళెం జోలికే పోలేదు.
వారాసిగూడలో మూడో అంతస్తు, రెండు గదుల ఇల్లు.
కూలర్ గాలి తగిలే మూల,
బాల్కనీ ఎండ చేరని చోట
ఇనప చువ్వల డబ్బా పెట్టి
లోపల నా పాత వెంకటగిరి చీర పరిచాను,
ఉతక్కుండా, నా వాసన పోకుండా.

పల్లీ దూరం నుంచే చూసింది.
ఉడికించిన కోడి కార్జం ముక్క గడప దగ్గర ఒకటి,
మర్నాడు జానెడు లోపలికి,
ఆ మర్నాడు చీర మడతలో.
ముందు కాళ్ళు లోపల, వెనక కాళ్ళు బయట,
ఇల్లు చూడ్డానికొచ్చి అద్దె ఎంతో అడగని మనిషిలా
చాలాసేపు నిలబడింది.

"జైల్ల పెడ్తున్నవా బిడ్డను?"
కింది వాటా సుగుణక్క అడిగింది.
జవాబు చెప్పలేదు.
హాస్టల్లో లెక్కలు తప్పితే నన్ను స్టోర్ రూములో వేసేవాళ్ళు;
బియ్యం బస్తాల మీద పురుగులు,
తలుపు కింద గీతంత వెలుగు.
అందుకే
సోఫా దిండు దూది హాలంతా మబ్బులైన రోజు కూడా
దాన్ని అందులోకి పంపలేదు.

తలుపు మూయడం
చాయ్ మరిగేంతసేపుతో మొదలుపెట్టాను.
మూలిగితే పక్కనే నేల మీద కూర్చున్నాను.
నీళ్ళ గిన్నె ఒలికింది, చీర తడిసింది,
ఒక రాత్రి ఇద్దరం ఓడిపోయి మంచమెక్కాం.

నిన్న గల్లీలో బరాత్.
మర్ఫా దెబ్బకి కిటికీ అద్దాలు దడదడ,
మీదనుంచి లడీ పటాకలు.
మంచం కింద వెతికాను, బాత్రూములో వెతికాను.
డబ్బాలో ఉంది,
చీర కొంగు ముక్కు మీదికి లాక్కుని,
నా ఎడమకాలి చెప్పును కావలించుకుని.

తలుపు బార్లా తెరిచే ఉంది.
పైన దుప్పటి కప్పాను.
గొళ్ళెం మీద చెయ్యి పడింది,
తీసేశాను.