రెండు దెబ్బలు

జాబ్జేలో నవంబరు పొద్దు
బొగ్గు కడిగిన నీళ్ళలా తెల్లారుతుంది.
బార్బరా పండక్కి వారం ముందు
ఏటా ఇదే బల్ల మీద పడుకుంటాను. ఇది పన్నెండోసారి.

ఉంగరం, బెల్టు, మెళ్ళో బార్బరామ్మ బిళ్ళ
ప్లాస్టిక్ తట్టలో పెట్టించుకుంది జానెటా.
"ఇంకేమైనా ఇనుముందా, గెరార్డ్ గారూ?"
రొమ్ముటెముక కుట్టిన తీగలున్నాయమ్మా,
అవి నువ్వెరిగినవే.

బల్ల లోపలికి జారింది.
ఆరువందల మీటర్ల లోతున ఇరవయ్యారేళ్ళు బతికినవాణ్ణి,
ఈ తెల్లటి గొట్టానికి జడుస్తానా?
జడుస్తాను.
అక్కడ దీపం నా నెత్తి మీద ఉండేది.

టకటకటక. గర్రుమని ఆగి, మళ్ళీ టకటక.
పైకప్పు కూలిన రాత్రి
రూడెక్, నేనూ నీళ్ళ పైపు మీద సుత్తితో కొట్టాం,
రెండేసి దెబ్బలు: ఇద్దరం ఉన్నాం.
ఇప్పుడు అవతలివాళ్ళే కొడుతున్నారు
లోపల ఎవరున్నారని.

"ఊపిరి వదిలి... బిగబట్టండి."

ఎవరో నాకూ చెప్పలేదు. ఆడో మగో కూడా.
కోసినచోట నరాలు సరిగా అతకలేదు.
నేను మూడో అంతస్తు చేరాక గానీ
మొదటి మెట్టు సంగతి దానికి తెలియదు.
నెత్తురందక అల్లాడినా
నొప్పి అనే కబురు నా దాకా రాదు.
గనిలో వాసన లేని గాలి లాంటిది,
చంపేదాకా మర్యాదగా ఉంటుంది.

మొదట్లో మెడలోంచి సన్నటి కత్తెర దింపి
ఆవగింజంత ముక్క కొరుక్కొచ్చేవాళ్ళు.
ఎన్నిసార్లో ఉర్షులా క్యాలెండరు వెనక గీతలు పెట్టింది.
పరాయి సొత్తును అలా గిల్లుతుంటే
నాకే సిగ్గేసేది.
ఇప్పుడు గిల్లడం తగ్గించారు. చూస్తారు:
ఎక్కడ వాచింది, ఎక్కడ మచ్చ కట్టింది,
నా ఒళ్ళు ఇంకా ఎక్కడ దాన్ని
అద్దె ఎగ్గొట్టినవాడిలా చూస్తోంది.

నిరుడు కింది గోడలో గోరంత తెలుపు కనపడింది.
మాత్రలు మార్చారు.
ఏడాదంతా ఆ గోరంత చోట్లోనే నా కాపురం.
గుండె మీద చెయ్యేసుకుని చెప్పు, బాగానే ఉన్నావా,
అంటుంది ఉర్షులా.
వేస్తాను. ఎవరి తరఫున చెప్పాలో తోచదు.

"బిగబట్టండి."

చప్పుడు ఆగిన సందులో
గొట్టం గోడ మీద వేలితో తట్టాను,
రెండుసార్లు.

మైకులో జానెటా విసుక్కుంది:
"కదిలారు. బొమ్మ చెదిరింది.
మళ్ళీ తీయాలి. ఊపిరి వదిలి..."